నడింట్లో రెండు ఎరుపులు

నా పెళ్లయిన మరుసటి ఏడు మా నడింటి గోడలకు ఎర్రరంగు వేయించాలన్న మాట వచ్చింది. ఆ మాట ఎత్తింది నా భార్య. గద్వాల నుంచి కాపురానికి వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. తన కోసమని ఏదీ అడిగే మనిషి కాదు. అందుకే నోరు తెరిచి ఒకటి అడిగేసరికి నాకు సంతోషమైంది.

మా ఇల్లు ఖిల్లా ఘణపూర్‌లో. మట్టిగోడలు, లోపల తెల్లసున్నం. నా చిన్నప్పుడే నాయన పోతే, ఉన్న చెలకను కౌలుకిచ్చి అమ్మ నన్ను వనపర్తిలో ఉంచి చదివించింది. చదువయ్యాక మా ఊరి బడిలోనే పంతులునయ్యాను. ఉర్దూ, లెక్కలు చెప్పేవాణ్ణి. దారిలో ఎదురైతే నాకంటే పెద్దవాళ్లు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. ఆ వయసులో ఆ మర్యాద నాకు బాగానే తలకెక్కింది.

"మా ఇంట్ల లోపటి గోడలన్నీ ఎర్రగుంటయి. పొద్దుగూకినంక దీపం పెడితే ఇల్లంత పొయ్యి ముంగట కూసున్నట్టు వెచ్చగుంటది. గీ తెల్లగోడలు చూస్తుంటే దవాఖానల ఉన్నట్టుంది" అంది నా భార్య.

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ ఉంది. తల ఎత్తకుండానే, "ఎరుపెందుకు బిడ్డా? పసుపు పూయించుకో. కళగుంటది" అంది.

"పసుపు మీద పొగమరకలు కన్పిస్తయి అత్తమ్మా. ఎరుపైతే కన్పియ్యవు."

అమ్మ ఒక్కసారి నా వైపు చూసి మళ్లీ బియ్యంలోకి తల వంచింది. ఆ చూపు ఎందుకో నాకు అర్థం కాలేదు. పసుపే కావాలని మనసులో ఉంది కాబోలు అనుకున్నాను.

కందులు ఇల్లు చేరాక మా మామ మొదటిసారి కూతురి కాపురం చూడటానికి వస్తానని కబురు పంపాడు. వాళ్లదీ మాలాంటి సేద్యపు ఇల్లే కానీ, మామ సేద్యం తమ్ముళ్లకు వదిలేసి చీరల బేరంలో దిగాడు. మగ్గాల మీద నేయించి దూరదూరాలకు పంపేవాడు. ఆయన వచ్చేలోగా గోడల పని ముగించాలని, ఊళ్లో సున్నాలు వేసే సాయిబును పిలిపించాను.

సాయిబు రెండు మూకుళ్లలో రెండు రకాల జాజు కలిపి తెచ్చాడు. జాజు అంటే ఎర్రమన్నే. ఒకటి మా గుట్ట కింద తవ్విందనీ, రెండోది కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిందనీ చెప్పాడు. దీపం గూటికి అటో పట్టీ ఇటో పట్టీ పూసి, "ఆరనియ్యుండ్రి. ఆరినంక ఏది నచ్చితే అది నాలుగు గోడలకు కొడత" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆరాయి. నా భార్య గూటి ముందు నిలబడి, "అబ్బ, రెంటికి ఎంత తేడా ఉంది!" అంది. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి ఆమె కళ్లు తిరుగుతున్నాయి. "ఒకటేమో పండు మిరపకాయ తీరుగ మెరుస్తుంది. ఒకటేమో కాలిన ఇటుక తీరుగ నెమ్మదిగుంది. మిరప రంగుకు మంచి జీవముంది గని కండ్లల్ల పొడుస్తది. ఇటుక రంగు చల్లగుంది."

నేను చూశాను. గూటికి అటు ఉన్న రంగే ఇటూ ఉంది.

సాయిబు పొరపాటున ఒకే మూకుడులో కుంచె రెండుసార్లు ముంచాడేమో అనుకున్నాను. ఆ మాట అనబోయి ఆమె ముఖం చూసి ఆగాను. ఆమెకు నిజంగా ఏదో కనిపిస్తోంది. సాయిబు కూడా తలూపుతున్నాడు. గోడ దగ్గరికి వెళ్లి రెండు పట్టీల మీదా వేలు పెట్టి చూసి, "ఇంక ఆరలేదేమో" అన్నాను.

"ఎప్పుడో ఆరింది పంతులూ" అన్నాడు సాయిబు.

"మీకేది బాగుంది?" అని అడిగింది నా భార్య.

"నీకేది నచ్చితే అదే."

"అట్ల గాదు, చెప్పుండ్రి. ఇల్లు ఇద్దరిది గద."

ఆమె అన్న మాటే ఆమెకు తిరిగి ఇచ్చాను. "ఇటుక రంగే మంచిగుంది. కండ్లకు చల్లగుంది."

"నా మనసుల గూడ అదే ఉంది!" అని ఆమె ఎంత మురిసిపోయిందో చెప్పలేను. భర్త మనసూ తన మనసూ ఒకటే అయినందుకు వచ్చిన మురిపెం అది. ఆ రెండింటిలో ఇటుక రంగు ఏదో నాకు తెలియదు. ఆమె సాయిబుకు వేలుతో చూపించినప్పుడు, ఎడమవైపుదని తెలిసింది.

బడిలో పిల్లలకు ఎక్కం చెప్పిస్తూ నా కళ్లకు ఏమైందని ఆలోచించాను. దూరాన గుట్ట మీద బురుజు రాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. పుస్తకంలో చిన్న అక్షరమూ కనిపిస్తోంది. చూపులో లోపమేమీ లేదు. చిన్నప్పుడు మిరపతోటలో పండుకాయలు తెంపేటప్పుడు అమ్మ నాకు కాయను వేళ్ల మధ్య నొక్కి చూడమని నేర్పింది. మెత్తబడితే పండింది, గట్టిగా ఉంటే పచ్చిది. అందరూ అట్లాగే తెంపుతారనుకున్నాను. తక్కినవాళ్లు నొక్కకుండానే తెంపుతుంటే వాళ్లది చేయి తిరిగిన పని అనుకున్నాను.

రెండు గోడలు పూర్తయ్యేసరికి సాయిబు దగ్గరి ఇటుక జాజు అయిపోయింది. వనపర్తి అంగడిలో దొరుకుతుందని చెప్పి, గుర్తుకు చిటికెడు పొడి పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. "దీనికి సరిపొయ్యేది చూసి తేవాలె పంతులూ" అన్నాడు. ఎవరినైనా పంపి ఉండవచ్చు. కానీ మామ వచ్చే వేళకు ఇంటి పని నేనే దగ్గరుండి చేయిస్తున్నట్లు ఉండాలని బండి కట్టించుకుని నేనే వెళ్లాను.

దుకాణదారు రెండు గోనె సంచుల మూతులు విప్పి నా ముందు పెట్టాడు.

"ఇటుక రంగుది కావాలె" అన్నాను.

"ఒకరు దీన్ని ఇటుక రంగంటరు, ఒకరు దాన్నంటరు. పొట్లం తెచ్చినవు గద పంతులూ, పక్కన పెట్టి చూసుకో."

పొట్లం విప్పి ఒక సంచి పక్కన పెట్టాను, తర్వాత రెండో దాని పక్కన పెట్టాను. రెండూ సరిపోయాయి. నా వెనక మరో ఇద్దరు బేరానికి నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన మా ఊరి పక్క ఊరివాడు, నన్ను గుర్తుపట్టి దండం పెట్టాడు. 'కాస్త నువ్వు చూసి చెప్పు' అని ఆయన్ను అడిగితే సరిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. దగ్గరున్న సంచి మీద చెయ్యి వేసి, "ఇది" అన్నాను. దుకాణదారు నన్ను ఒకసారి చూసి, ఏదో అనబోయి, తూచి కట్టాడు.

దారిలో ఎండలో మూట విప్పి పొట్లంలోని పొడితో మళ్లీ పోల్చి చూశాను. తేడా లేదు. మనసు కుదుటపడింది.

మర్నాడు నేను బడికి పోయాక సాయిబు మిగిలిన రెండు గోడలూ పూశాడు. నా భార్య వెనక వంటింట్లో తండ్రి కోసం పిండివంటలు చేసుకుంటూ ఉంది. తడిగా ఉన్నప్పుడు జాజు ముదురుగానే ఉంటుంది కనుక మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆరాక తేడా తెలిసింది. 'పంతులే తెచ్చిండు గద, రెండు రంగులు వేయించాలని మనసు పడ్డడేమో అనుకున్న' అని సాయిబు తర్వాత చెప్పాడు.

బడి విడిచి నేను వచ్చేసరికి మామ నడింట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సాయిబు మూకుళ్లు కడుక్కుంటున్నాడు. నా భార్య వంటింటి గడపలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేనేదో వేడుక చేశాననుకుంది పాపం.

కాళ్లు కడుక్కొచ్చి మామకు దండం పెట్టాను.

"ఏం అల్లుడా, గోడలు చూసినవా?" అన్నాడు.

చుట్టూ చూశాను. "చూసిన మామా. ఎక్కడ గూడ జర తేడా లేకుంట నాలుగు గోడలు ఒక్క తీరుగ కుదిరినయి."

మామ పకపకా నవ్వాడు. నేను ఎందుకో తెలియకుండానే నవ్వాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. సాయిబు వైపు తిరిగి, "నీ చెయ్యి మంచిది సాయిబూ. అతుకు ఎక్కడుందో గూడ తెలుస్తలేదు" అన్నాను.

సాయిబు తల వంచుకున్నాడు. మామ నవ్వు ఆగింది. నా భార్య నోటి మీది కొంగు జారింది. ఆమె ఒక గోడను చూసి, దాని పక్క గోడను చూసి, నన్ను చూసింది. ఆ ముఖంలో నవ్వు పోయి భయం వచ్చింది. ఏదో జరిగిందని నాకు తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. అందరి ముందూ పంచె ఊడిపోతే ఎట్లా ఉంటుందో అట్లా అనిపించింది. కానీ ఊడిన పంచెనైనా సర్దుకోవచ్చు.

మామ తెలివైన మనిషి. సాయిబును పంపించేశాక తన మూట విప్పి రెండు చీరలు మంచం మీద పరిచాడు. "ఎర్రంచు చీర నా బిడ్డకు, పచ్చంచుది మా చెల్లెకు, అదే మీ అమ్మకు. బిడ్డ చీర నీ చేతులతోటే ఇయ్యి అల్లుడా" అన్నాడు ఎంతో మెల్లగా.

రెండు అంచులూ నాకు ఎండిన ఆకు రంగులోనే ఉన్నాయి. పరీక్ష అని అర్థమైంది. ఒకటి తీసి ఇచ్చాను. నా భార్య రెండు చేతులా అందుకుంది.

"గది పచ్చంచు" అన్నాడు మామ.

అప్పుడు అమ్మ వచ్చి మా మధ్య నిలబడింది. "వాని తప్పేం లేదు అన్నా. వానికి గీ సంగతే తెల్వదు. నాకు తెలుసు. మా నాయిన గూడ గంతే. ఎరుపు, పచ్చ తెల్వకపోయేది. మిరపతోటల పచ్చికాయలన్నీ తెంపి పోసిండని ఊరంతా నవ్విండ్రు. వీనికి గూడ గదే వచ్చిందని చిన్నప్పుడే చూసిన. నలుగురు నవ్వుతరని కాయ నొక్కి చూసుడు నేర్పిన."

పసుపు పూయించుకోమని ఆమె ఎందుకు అందో అప్పుడు అర్థమైంది.

"పెండ్లి మాటలప్పుడు ఎందుకు చెప్పలే?" అన్నాడు మామ.

"చెప్తే ఇస్తుంటివా?" అంది అమ్మ. జీవితంలో అమ్మ ఎవరి ముందూ తల వంచడం నేను చూడలేదు. ఆ రోజు వంచింది, నా వల్ల.

"ఇయ్యాల రంగులు తెలుస్తలేవు. రేపు చూపే పోతే? నా బిడ్డ ఏం గావాలె?" అని మామ లేచాడు. తెల్లవారి కూతుర్ని వెంటబెట్టుకుని గద్వాలకు వెళ్లిపోయాడు. నాలుగు రోజులుండి వస్తుందని ఊళ్లో చెప్పుకున్నాం. బండి కదిలేటప్పుడు ఆమె నా వైపు చూసింది. నేనే చూడలేక బండి చక్రాన్ని చూస్తూ నిలబడ్డాను.

చూపు పోతుందన్న భయం నన్ను కూడా పట్టుకుంది. నాగర్‌కర్నూల్ దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరు కళ్ల సంగతి బాగా తెలిసినవాడని విని వెళ్లాను. ఆయన చిన్న చిన్న ఉన్నిదారపు కట్టలు ఒక పెట్టెలోంచి తీసి బల్ల మీద పోశాడు. ఒక రంగువన్నీ ఒక చోట పెట్టమన్నాడు. నేను ఎంతో శ్రద్ధగా, పరీక్షలో లెక్కలు చేసినట్లు, కుప్పలు పెట్టాను. ఆయన ఆ కుప్పలు చూసి కాంపౌండరును కేకేశాడు. కాంపౌండరు ఇంకొకరిని పిలిచాడు. కట్లు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా తలుపు దగ్గర నిలబడి చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు చెడ్డవాడు కాడు. అటువంటి మనిషి దొరికినందుకు ఆయనకు ఉత్సాహంగా ఉంది, అంతే. ఇది జబ్బు కాదనీ, పుట్టుకతో వచ్చిందనీ, తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుందనీ ఉర్దూలో చెప్పాడు. చూపు పోదన్నాడు. మందు కూడా లేదన్నాడు.

ఆ మాట పట్టుకుని వనపర్తి రోడ్డు స్టేషన్లో రైలెక్కి గద్వాలకు వెళ్లాను.

మామ ఇల్లంతా చీరలే. దండేల మీద, చాపల మీద, మడతలు మడతలుగా. ఎక్కడ చూసినా అందరికీ తెలిసిన, నాకు తెలియని రంగులు. వాటి మధ్య నన్ను కూర్చోబెట్టారు. తలుపుల వెనక ఆడవాళ్ల గుసగుసలు వినిపిస్తున్నాయి. నా సంగతి నాకంటే ముందే ఆ ఇంటికి చేరింది. మంచినీళ్లు తెచ్చిన వదిన వరుస ఆవిడ చెంబు ఇచ్చి, తన కొంగు చూపి, "ఇదేం రంగు మరిదీ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా లోపలికి పరుగెత్తింది. లోపల ఒకటే నవ్వులు.

నా భార్య నానమ్మ మూలన కూర్చుని ఉంది. కళ్లకు పొరలు కమ్మి ఆమెకు సగం చూపు లేదు. చెవుడు వల్ల గొంతు పెద్దది. "నా మన్మరాలు నీకు ఎట్ల కన్పిస్తది నాయినా? ఎర్రగనా, నల్లగనా?" అని అరిచినట్లు అడిగింది.

"అందరికీ ఎట్ల కన్పిస్తదో నాకు గూడ గట్లనే కన్పిస్తది అవ్వా" అన్నాను.

"అందరికీ ఎట్ల కన్పిస్తదో నీకేం తెలుసు?" అంది ఆమె. తలుపు వెనక మళ్లీ నవ్వులు. లేచి పోదామనిపించింది. ఊళ్లో దారి ఇప్పించుకునే పంతులుతనం అంతా ఆ చాప మీద ఊడ్చుకుపోయింది.

మామ మాత్రం నవ్వలేదు. "డాక్టరు ఏమన్నడు?"

"చూపు పోదన్నడు మామా. రంగులు మాత్రం ఎప్పటికీ తెల్వవన్నడు. నాకు ఎరుపు, పచ్చ తెల్వదు. మా అమ్మ దాచింది నిజమే. ఆమె తరపున నేను తప్పు ఒప్పుకుంటున్న."

నలుగురిలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అంటే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. ఒంటి మీద బట్ట లేకుండా కూర్చున్నట్లే ఉంది. మామ మీసం మీద చెయ్యి వేశాడు. ఆయన ఏమైనా అనేలోగా నా భార్య మూట పట్టుకుని బయటికి వచ్చింది.

"నేను పోత నాయినా" అంది.

"ఆలోచించుకున్నవా బిడ్డా?"

"ఆలోచించేదేముంది? మిరపకాయలు నేను తెంపుకుంట."

రైలు కృష్ణ వంతెన మీద పోతుండగా ఆమె నా పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా, "నా చీర ఏ రంగు?" అంది.

"తెల్వదు."

"ఊహించి గూడ చెప్పలేరా?"

"లేను. తెల్వదు."

"దానిమ్మ గింజ రంగు" అంది. తర్వాత కిటికీలోంచి కనిపించిన వాటికన్నిటికీ రంగులు చెప్పుకుంటూ పోయింది. నా మీద జాలి పడుతోందో, ముచ్చటపడుతోందో తేల్చుకోలేక, సిగ్గుతో తల ఊపుతూ కూర్చున్నాను.

గోడల సంగతి ఆమె ఊరుకోలేదు. "మీకు ఒక్కటే కావచ్చు. నేను రోజూ చూడాలె గద" అని, ఈసారి సాయిబునే వనపర్తికి పంపి, ఆ రెండు గోడలకూ మళ్లీ ఇటుక రంగు వేయించింది. పని అయ్యాక "ఇప్పుడు ఒక్క తీరుగ ఉన్నయి" అని చెప్పింది. నేను నమ్మాను.

కానీ ఊరు ఊరుకోలేదు. రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు నేను పోతుంటే రుమాలు ఎత్తి చూపి, "పంతులూ, గిదేం రంగు?" అని అడిగేవాళ్లు. చెడ్డ మనసుతో కాదు, పొద్దుపోక. కొన్నాళ్లు నేను వెనక సందులోంచి బడికి పోయాను. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా అమ్మ వంటింట్లోనే ఉండిపోయేది. ఎంత పిలిచినా నడింట్లోకి వచ్చేది కాదు. ఆయన కోపం ఎప్పుడో పోయింది. "చెల్లె, జర ఇటు రా" అని పిలిచేవాడు కూడా. ఆమె రాలేదు, చనిపోయేవరకూ రాలేదు.

చాలా ఏళ్లకు నా కూతురికి వీపనగండ్ల సంబంధం వచ్చింది. మాటలు ముగిసే వేళ నా భార్య నా వైపు చూసింది. నేను గొంతు సవరించుకుని, పెండ్లికొడుకు తండ్రితో, నాకు ఎరుపు, పచ్చ తెలియవనీ, నా కూతురి కొడుకులకు అది రావచ్చనీ చెప్పాను. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "గింతేనా బావా? నేనేందో అనుకున్న" అని నవ్వేశాడు. అందరూ తేలికపడ్డారు. నేను మాత్రం పెరట్లోకి వెళ్లి, ముఖం కడుక్కునే నెపంతో, బావి గట్టు మీద కొంతసేపు ఒంటరిగా కూర్చుని వచ్చాను.